వరుస తప్పని యంత్రం: ఆర్డర్ మ్యాచింగ్ ఇంజన్ రూపకల్పన, పరీక్ష

ఎలక్ట్రానిక్ మార్కెట్లో కొనుగోలు ఆర్డర్లనూ అమ్మకపు ఆర్డర్లనూ జతచేసే ప్రోగ్రామును మ్యాచింగ్ ఇంజన్ అంటారు. దాని మూల నియమం చాలా చిన్నది: మెరుగైన ధర చెప్పినవారికి ముందు అవకాశం, ఒకే ధర చెప్పినవారిలో ముందుగా వచ్చినవారికి ముందు అవకాశం. ఈ మాత్రం కోడును కొంత అనుభవం ఉన్న ప్రోగ్రామరు ఒక్క పూటలో రాసేయగలడు. అయినప్పటికీ ఎక్స్ఛేంజీలు ఈ ఒక్క భాగం మీద ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటాయి, అందులో దొర్లిన చిన్న పొరపాటు గంటల వ్యవధిలో కోట్ల డాలర్ల వివాదంగా మారుతుంది. మ్యాచింగ్ ఇంజన్ల ప్రస్తావన వస్తే అందరూ వేగం గురించే మాట్లాడతారు గానీ, నా అంచనాలో అసలు చిక్కు వేగంలో లేదు. ఒకే ఆర్డర్ల వరుసను ఎప్పుడు ఇచ్చినా, ఏ యంత్రం మీద నడిపినా, పొల్లు పోకుండా అవే ట్రేడ్లు అదే క్రమంలో రావాలన్న షరతులో ఉంది. రూపకల్పనలోని నిర్ణయాలలో చాలా భాగం, పరీక్షలలో దాదాపు అన్నీ, ఈ షరతు చుట్టూనే తిరుగుతాయి.

బుక్కు, అందులోని వరుస

ప్రతి షేరుకూ, ప్రతి ఫ్యూచర్స్ కాంట్రాక్టుకూ (ముందు తేదీ కోసం ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందానికీ) విడిగా ఒక ఆర్డర్ బుక్కు ఉంటుంది. అందులో ఒకవైపు బిడ్లు, అంటే కొనుగోలు ఆర్డర్లు, ఎక్కువ ధర నుంచి తక్కువ ధరకు పేర్చి ఉంటాయి. మరోవైపు ఆఫర్లు, అంటే అమ్మకపు ఆర్డర్లు, తక్కువ ధర నుంచి ఎక్కువ ధరకు పేర్చి ఉంటాయి. ఒకే ధర దగ్గర ఉన్న ఆర్డర్లు వచ్చిన క్రమంలో నిలబడతాయి. అమ్మకం వైపు 100.50 ధరకు ముందుగా ‘క’ అనే సభ్యుడు 200 షేర్లు, ఆ తర్వాత ‘చ’ 300 షేర్లు పెట్టారనీ, 100.55 ధరకు ‘ట’ 500 షేర్లు పెట్టాడనీ అనుకుందాం. ఇప్పుడు ‘ప’ నుంచి 100.55 మించకుండా 600 షేర్లు కొంటానని లిమిట్ ఆర్డర్ వస్తే, మొదట ‘క’ దగ్గరి 200, తర్వాత ‘చ’ దగ్గరి 300 షేర్లు 100.50 ధరకు, మిగిలిన 100 షేర్లు ‘ట’ నుంచి 100.55 ధరకు దక్కుతాయి. ట్రేడు ఎప్పుడూ బుక్కులో నిలిచి ఉన్న ఆర్డర్ ధరకే జరుగుతుంది కాబట్టి, 100.55 దాకా ఇవ్వడానికి సిద్ధపడిన ‘ప’కు మొదటి 500 షేర్లు అంతకంటే చవకగానే వచ్చాయి. అతడు 600 బదులు 1,200 అడిగి ఉంటే, అమ్మకం వైపున్న 1,000 షేర్లూ అయిపోయి, తక్కిన 200 షేర్ల ఆర్డర్ 100.55 ధర దగ్గర కొత్త బిడ్‌గా బుక్కులో కూర్చునేది.

అన్ని మార్కెట్లూ రాక సమయాన్నే ప్రమాణంగా తీసుకోవు. కొన్ని ఫ్యూచర్స్ మార్కెట్లలో ఒకే ధర దగ్గరున్న ఆర్డర్లకు వాటి పరిమాణాన్ని బట్టి దామాషా పద్ధతిలో పంచుతారు. అక్కడ 100 కాంట్రాక్టులను సమానమైన మూడు ఆర్డర్లకు పంచితే తలా 33 పోగా మిగిలిన ఆ ఒక్కటి ఎవరికి చెందాలో కూడా నియమావళిలోనే రాసి ఉండాలి. కోడు రాసినవారి అభీష్టానికి వదిలేసిన ఇటువంటి ఒక్కొక్క ఖాళీయే తరువాత ఫిర్యాదుగా తిరిగివస్తుంది.

ఈ బుక్కును కంప్యూటర్ మెమరీలో ఎలా అమర్చాలన్నది తరువాతి ప్రశ్న. దీనికి జవాబు చెప్పేముందు ఇంజన్‌కు ఏ రకం సందేశాలు ఎక్కువగా వస్తాయో చూడాలి. నేటి మార్కెట్లలో ట్రేడుగా మారే ఆర్డర్ల కంటే రద్దయ్యే ఆర్డర్లే చాలా ఎక్కువ. కాబట్టి కొత్త ఆర్డర్‌ను చేర్చడం ఎంత తేలికో, పొడవైన వరుస మధ్యలో ఉన్న ఆర్డర్‌ను తీసేయడం కూడా అంత తేలిక కావాలి. దీనికోసం ప్రతి ధర దగ్గరి వరుసనూ రెండు వైపులా లంకె ఉన్న లింక్డ్ లిస్టుగా ఉంచి, ఆర్డర్ నంబరు నుంచి నేరుగా ఆ లంకె దగ్గరికి చేర్చే హాష్ టేబుల్‌ను పక్కనే ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి. రద్దు సందేశం వచ్చినప్పుడు వరుసంతా వెదకనవసరం లేకుండా, ఆ ఆర్డర్‌కు ముందున్నదానినీ వెనకున్నదానినీ కలిపితే పని పూర్తవుతుంది. ధరల విషయానికొస్తే, పరిధి ఇరుకుగా ఉన్నచోట ప్రతి టిక్‌కూ, అంటే ధర మారగల కనీస మెట్టుకూ, ఒక గడి చొప్పున వరుస గడుల పట్టిక (అర్రే) సరిపోతుంది. ధరలు విస్తారంగా చెదిరి ఉండే చోట సమతుల వృక్షం, అంటే కొమ్మలుగా చీలుతూ త్వరగా వెదకనిచ్చే అమరిక, నయం. ఈ ఎంపిక మీద జరిగే వాదోపవాదాలు దాని ప్రాముఖ్యానికి మించినవని నాకనిపిస్తుంది. చాలా వరకు ట్రేడింగ్ అంతా మేలైన ధరకు అటూ ఇటూ కొద్ది టిక్కుల దూరంలోనే జరుగుతుంది.

ధర అంటే పూర్ణాంకం

ధరలను దశాంశ బిందువు ఉన్న ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలుగా ఎన్నడూ దాచకూడదన్నది ఈ రంగంలో మొదటి పాఠం. బైనరీ పద్ధతిలో 0.1ని కచ్చితంగా రాయడం వీలుకాదు కాబట్టే, చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. రెండు ధరలు సమానమా కాదా అన్న పోలిక మీదే నడిచే యంత్రంలో ఈ తేడాను సహించలేము. అంకెల కత్తిరింపు ఎంత దూరం తీసుకుపోగలదో వాంకోవర్ స్టాక్ ఎక్స్ఛేంజి సూచీ చూపింది: 1982లో 1,000 వద్ద మొదలైన ఆ సూచీని మారిన ప్రతిసారీ మూడు దశాంశ స్థానాల తర్వాత కత్తిరించుకుంటూ పోయినందున, 1983 నవంబరు నాటికి అది 524 దగ్గరకు దిగజారింది, సరిగా లెక్కించి చూస్తే రావలసిన విలువ 1,098.892.

అందుచేత ధరను టిక్కుల్లోనో, డాలరులో పదివేలవ వంతుల్లోనో పూర్ణాంకంగా ఉంచుతారు. అయితే ఆ పూర్ణాంకానికి ఎన్ని బిట్లు కేటాయించాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. 32 బిట్ల ధన పూర్ణాంకంలో నాలుగు దశాంశ స్థానాలతో దాచగల గరిష్ఠ ధర 4,29,496.7295 డాలర్లు. ఒక్క షేరు అంత ధర పలుకుతుందని ఆ ఫార్మాట్ నిర్ణయించినవారు ఊహించి ఉండరు. 2021 మేలో బెర్క్‌షైర్ హాథవే ‘ఎ’ తరగతి షేరు ఆ హద్దుకు చేరువైనప్పుడు నాస్‌డాక్ తన కొన్ని డేటా ఫీడ్లలో ఆ షేరు ధరను ప్రసారం చేయడం ఆపవలసి వచ్చింది. ఇక ధర ధన సంఖ్యే అయి ఉంటుందన్న నమ్మకం 2020 ఏప్రిల్ 20న వమ్మైంది: ఆ రోజు అమెరికా ముడిచమురు మే నెల ఫ్యూచర్స్ మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. సున్నాను ‘ధర లేదు’ అన్న గుర్తుగానో, మైనస్ ఒకటిని ‘మార్కెట్ ఆర్డర్’ (దొరికిన ధరకే సరే అన్న ఆర్డర్) అన్న గుర్తుగానో వాడుకున్న ప్రోగ్రాములన్నిటికీ అటువంటి రోజు ముప్పే. గుర్తులను ధరలో దాచకుండా వాటికి విడిగా ఒక ఫీల్డు కేటాయించడం మేలు.

ఆర్డర్ రకాలు ఒకదానితో ఒకటి తగులుకున్నప్పుడు

మామూలు లిమిట్ ఆర్డర్లు మాత్రమే ఉంటే ఇంజన్ చిన్నదిగానే మిగిలిపోయేది. వాస్తవంలో ఉన్నంత దక్కించుకుని మిగిలినది రద్దు చేసే ఆర్డర్లు, మొత్తం దొరికితేనే కొనే ఆర్డర్లు, పరిమాణంలో కొంతే బయటికి చూపించే ఐస్‌బర్గ్ ఆర్డర్లు, నిర్ణీత ధర తగిలాకనే మేలుకునే స్టాప్ ఆర్డర్లు కూడా ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదాన్నైనా విడిగా రాయడం కష్టం కాదు. రెండు రకాలు ఒకే సందర్భంలో కలిసినప్పుడు ఏం జరగాలన్నదే కష్టం.

పై ఉదాహరణనే తీసుకుందాం. అమ్మకం వైపు 300 షేర్లు పెట్టిన ‘చ’యే, 100.55 మించకుండా 800 షేర్లు మొత్తం దొరికితేనే కొంటానని ఇంకో ఆర్డర్ పంపాడనుకుందాం. ఒకే సభ్యుడి కొనుగోలు, అమ్మకం ఒకదానితో ఒకటి జతపడకుండా అడ్డుకునే నియమం కూడా ఆ ఎక్స్ఛేంజిలో అమలులో ఉంది. అమాయకంగా రాసిన కోడు ముందు బుక్కును చూసి, 1,000 షేర్లు ఉన్నాయి కాబట్టి 800 దొరుకుతాయని తేల్చి, ట్రేడ్లు మొదలుపెడుతుంది. ‘చ’ సొంత 300 షేర్లను పక్కన పెట్టక తప్పదు కాబట్టి తీరా చేతికి వచ్చేవి 700 మాత్రమే. ఈలోగా ట్రేడ్ల సమాచారం వెళ్లిపోయి ఉంటుంది, వెనక్కి తీసుకునే దారి ఉండదు. పరిశీలనలో వాడే నియమాలు, అమలులో వాడే నియమాలు ఒకే ఫంక్షన్ నుంచి రాకపోతే ఇటువంటి చీలికలు తప్పవు.

ఐస్‌బర్గ్ ఆర్డర్లో చిక్కు వేరు. మొత్తం 1,000 షేర్లలో బయటికి 100 మాత్రమే చూపించే ఆర్డర్, దాని వెనుక మరొకరి 100 షేర్ల ఆర్డర్ ఉన్నప్పుడు, 250 షేర్ల కొనుగోలు ఆర్డర్ వచ్చిందనుకుందాం. కనిపించే 100 అమ్ముడయ్యాక, ఐస్‌బర్గ్ దాచుకున్న దానిలోంచి తీసే కొత్త 100 సాధారణంగా వరుస చివరికి పోతుంది కాబట్టి, ట్రేడ్లు ఐస్‌బర్గ్‌తో 100, వెనుకనున్నవారితో 100, మళ్లీ ఐస్‌బర్గ్‌తో 50 అన్న క్రమంలో జరగాలి. ఆర్డర్ సవరణకూ ఇటువంటి వరుస నియమమే వర్తిస్తుంది: పరిమాణం తగ్గించుకుంటే స్థానం నిలుస్తుంది, పెంచినా, ధర మార్చినా స్థానం పోతుంది. స్టాప్ ఆర్డర్ల విషయంలో తేల్చవలసినది అవి ఎప్పుడు మేలుకోవాలన్నది. ఒక పెద్ద ఆర్డర్ వరుసగా అయిదు ధరలను తుడిచిపెడుతూ పోతున్నప్పుడు, రెండో ధర దగ్గర మేలుకున్న స్టాప్ ఆర్డర్ మధ్యలో చొరబడాలా, పెద్ద ఆర్డర్ ముగిసేదాకా ఆగాలా? ముగిశాకే దాన్ని కొత్తగా వచ్చిన ఆర్డర్‌లా వరుసలో పెట్టడం నాకు తెలిసినంతలో సురక్షితమైన మార్గం, ఎందుకంటే అప్పుడు ఏ క్షణంలోనైనా ఇంజన్ ఒక్క ఆర్డర్‌నే నడుపుతుంటుంది.

ఒకే త్రెడ్, ఒకే వరుస

ఒక్క ఆర్డర్‌నే నడపడం అన్న ఆ మాట నిజానికి నిర్మాణం మొత్తానికీ వర్తిస్తుంది. సెకనుకు లక్షల సందేశాలు వచ్చే చోట పనిని పది త్రెడ్లకు, అంటే ప్రోగ్రాములో ఒకేసారి సమాంతరంగా నడిచే పది పాయలకు, పంచాలన్నది సహజంగా తోచే ఆలోచన. కానీ ఒకే బుక్కును పది త్రెడ్లు తాకితే తాళాలు వేయాలి, తాళం ఎవరికి ముందు దొరుకుతుందో ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో ఉంటుంది, అంటే ఎవరి ఆర్డర్ ముందన్న నిర్ణయం నియమావళి చేతిలోంచి జారిపోతుంది. అందుకే చాలా ఇంజన్లలో ఒక్కో బుక్కును, లేదా కొన్ని బుక్కుల గుంపును, ఒక్క త్రెడ్ మాత్రమే నడుపుతుంది. లండన్‌కు చెందిన ఎల్‌మ్యాక్స్ సంస్థ నిర్మాణం గురించి 2011లో బయటికి వచ్చిన వివరాల ప్రకారం, వ్యాపార తర్కమంతా మెమరీలోనే ఉంచుకున్న ఒక్క జావా త్రెడ్ సెకనుకు 60 లక్షల ఆర్డర్లను నడపగలిగింది. డేటాబేసు కోసం, డిస్కు కోసం, తాళాల కోసం ఎదురుచూపులు లేకపోతే ఒక ఆధునిక ప్రాసెసర్ ఎంత పని చేయగలదో చాలామంది తక్కువ అంచనా వేస్తారు.

ఈ అమరికలో ఇంజన్ ముందు సీక్వెన్సర్ అనే భాగం ఉంటుంది. వివిధ గేట్‌వేల (సభ్యుల సందేశాలు లోపలికి వచ్చే ద్వారాల) గుండా వచ్చిన సందేశాలన్నిటికీ ఒకే వరుస సంఖ్యలు వేసి, వాటిని లాగ్‌లో, అంటే వచ్చిన క్రమంలో రాసుకునే చిట్టాలో, రాసి, ఇతర యంత్రాలకు పంపడం దాని బాధ్యత. ఎవరు ముందన్న వివాదం అక్కడితో ముగిసిపోతుంది. ఆ తర్వాత ఇంజన్ చేసేది ఆ లాగ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదవడమే. ఒకే మొదటి స్థితి నుంచి ఒకే సందేశాల వరుసను చదివిన యంత్రాలన్నీ ఒకే చివరి స్థితికి చేరుతాయన్న సూత్రానికి మూలం లెస్లీ లాంపోర్ట్ 1978లో ప్రచురించిన పత్రంలో ఉంది. 2014లో వెలువడిన రాఫ్ట్ వంటి అల్గారిథమ్‌లు ఆ వరుసను కొన్ని యంత్రాలు కూలిపోయినా చెదరకుండా కాపాడే పద్ధతిని చెబుతాయి.

సూత్రం వినడానికి తేలిక, దాన్ని చెడగొట్టే దారులు మాత్రం చాలా ఉన్నాయి. ఇంజన్ లోపల ఎక్కడైనా గడియారాన్ని అడిగితే, రెండు యంత్రాలకు రెండు జవాబులు వస్తాయి; కాబట్టి సమయం కూడా సీక్వెన్సర్ వేసిన ముద్రగానే రావాలి, రోజు ముగింపులో ఆర్డర్ల గడువు తీరడం కూడా లాగ్‌లో ఒక సందేశంగానే ఉండాలి. హాష్ టేబుల్‌లోని అంశాలను వరుసగా చదివే క్రమం కొన్ని భాషల్లో ప్రోగ్రామును నడిపిన ప్రతిసారీ మారుతుంది. సభ్యుడి కనెక్షన్ తెగినప్పుడు అతడి ఆర్డర్లన్నిటినీ రద్దు చేసే కోడు ఆ టేబుల్ మీద తిరిగితే, రద్దుల క్రమం ఒక యంత్రంలో ఒకలా, మరో యంత్రంలో మరొకలా ఉంటుంది. కోడును చదివి ఈ తప్పును పట్టుకోవడం కష్టం. కింద చెప్పబోయే పరీక్ష మాత్రం నిమిషాల్లో బయటపెడుతుంది.

వరుసను ఒకే చోట తేల్చకపోతే ఏం జరుగుతుందో 2012 మే 18న ఫేస్‌బుక్ షేర్లు తొలిసారి మార్కెట్లోకి వచ్చినప్పుడు కనిపించింది. ప్రారంభ వేలంలో నాస్‌డాక్ ఇంజన్ అన్ని ఆర్డర్లనూ చూసి ఎక్కువ షేర్లు చేతులు మారే ధరను లెక్కించాలి. లెక్క పూర్తయ్యాక, ఈలోగా ఏ ఆర్డరైనా రద్దయిందా అని సరిచూసే తనిఖీ ఒకటి ఉండేది. రద్దయితే లెక్క మళ్లీ మొదలవుతుంది. మామూలు రోజుల్లో అది ఒకటి రెండు సార్లతో ముగిసేది. ఆ రోజు ఆర్డర్ల ఉధృతి వల్ల, ప్రతి లెక్కకూ పట్టే మిల్లీసెకండ్లలోనే కొత్త రద్దులు వస్తూ ఉండడంతో వలయం ఆగలేదు. 11:05కు మొదలు కావలసిన ట్రేడింగ్ ఆ తనిఖీని తొలగించాక 11:30కు మొదలైంది. 30,000కు పైగా ఆర్డర్లు రెండు గంటలకు మించి ఇరుక్కుపోయాయి. మరుసటి ఏడాది అమెరికా నియంత్రణ సంస్థ నాస్‌డాక్‌పై కోటి డాలర్ల జరిమానా విధించింది. వేలం జరపమన్న ఆదేశానికే లాగ్‌లో ఒక వరుస సంఖ్య ఉంటే ఈ సమస్య పుట్టదు: ఆ సంఖ్యకు ముందు వచ్చిన రద్దు లెక్కలో చేరుతుంది, తరువాత వచ్చినది చేరదు, మధ్యస్థంగా ఏదీ ఉండదు.

పరీక్ష: నెమ్మదైన జోడీ

మ్యాచింగ్ ఇంజన్ పరీక్షలు సాధారణంగా చేతితో రాసిన ఉదాహరణలతో మొదలవుతాయి: ఈ బుక్కు, ఈ ఆర్డర్, రావలసిన ఈ ట్రేడ్లు. ఇవి అవసరమే, నియమావళిలోని ప్రతి వాక్యానికీ కనీసం ఒక ఉదాహరణ ఉంటే, నియమం మారినప్పుడు ఏ పరీక్ష మారాలో వెంటనే తెలుస్తుంది. కానీ పైన చూసిన ‘చ’ ఆర్డర్ లాంటి సందర్భాన్ని ముందుగా ఊహించి పరీక్ష రాయగలిగినవారు కోడులో కూడా ఆ తప్పు చేసి ఉండరు. మనకు తోచని సందర్భాలను వెలికి తీయడానికి వేరే పద్ధతి కావాలి.

అది ఇలా ఉంటుంది. అసలు ఇంజన్‌తో పాటు, అదే నియమాలను అత్యంత సూటిగా పాటించే రెండో ఇంజన్‌ను రాస్తారు. అందులో లింక్డ్ లిస్టులు, మెమరీ పొదుపులు ఏవీ ఉండవు. ఆర్డర్లన్నీ ఒకే జాబితాలో ఉంటాయి, ప్రతిసారీ దాన్ని మొత్తం సార్టింగ్ చేసి మొదటి దానితో జతచేయడమే. అది వెయ్యి రెట్లు నెమ్మదైనా ఫరవాలేదు, నియమావళి పక్కన పెట్టుకుని చదివితే కళ్లకు కట్టినట్టు ఉండాలి. ఆపైన యాదృచ్ఛికంగా పుట్టించిన లక్షల ఆదేశాలను రెండింటికీ ఇచ్చి, ప్రతి ఆదేశం తర్వాత వచ్చిన ట్రేడ్లనూ బుక్కునూ పోలుస్తారు. 2000లో హాస్కెల్ భాష కోసం వచ్చిన క్విక్‌చెక్‌తో ప్రాచుర్యం పొందిన ఈ తరహా పరీక్షలో మరో సదుపాయం ఉంది: తేడా కనిపించినప్పుడు పదివేల ఆదేశాల వరుసను తనంతట తానే కుదించి, అదే తప్పును చూపే నాలుగైదు ఆదేశాల వరుసగా మార్చి ఇస్తుంది. ఇంజన్ అదే ఇన్‌పుట్‌కు అదే ఫలితం ఇచ్చేది కాకపోతే ఈ కుదింపు పనిచేయదన్నది గమనించాలి.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది ఆదేశాలను పుట్టించడంలో. ధరను ఒకటి నుంచి లక్ష వరకు సమాన అవకాశంతో ఎంచుకుంటే, ఒకే ధర దగ్గర రెండు ఆర్డర్లు కలవడమే అరుదవుతుంది. వరుస నియమాలు పరీక్షకే రావు. ధరలు అయిదారు టిక్కులకే పరిమితం చేయాలి, పరిమాణాలు చిన్నవిగా ఉండాలి, సభ్యులు ముగ్గురు నలుగురికి మించకూడదు. అప్పుడే సొంత ఆర్డర్‌తో తలపడటం, అప్పటికే ట్రేడైపోయిన ఆర్డర్‌కు రద్దు రావడం, ఒకే నంబరుతో రెండు ఆర్డర్లు రావడం, ఐస్‌బర్గ్ సరిగ్గా ఖాళీ అయిన మరుక్షణం సవరణ రావడం వంటివి తరచుగా జరుగుతాయి. వీటితో పాటు పూర్ణాంకాల హద్దుల దగ్గరి విలువలను కూడా అప్పుడప్పుడు చొప్పించాలి.

రెండు ఇంజన్లనూ ఒకే మనిషి రాస్తే ఒకే అపోహ రెండింటిలోనూ ఉండే ప్రమాదం ఉంది. దానికి విరుగుడుగా, సరైన జవాబు ఏమిటో తెలియకపోయినా సరిచూడగల సమీకరణాలు ఉపయోగపడతాయి. ప్రతి ఆర్డర్‌కూ మొదటి పరిమాణం, ట్రేడైనది, రద్దయినది, మిగిలినది అన్న నాలుగింటి లెక్క సరిపోవాలి. నిరంతర ట్రేడింగ్‌లో ఒక ఆదేశం ముగిశాక అత్యధిక బిడ్, అత్యల్ప ఆఫర్ కంటే తక్కువగానే ఉండాలి. ఏ ట్రేడూ ఎవరి లిమిట్‌నూ దాటకూడదు. ఎక్స్ఛేంజి బయటికి ప్రసారం చేసే మార్కెట్ డేటాను మాత్రమే వింటూ మరొకరు కట్టిన బుక్కు, దాచిన పరిమాణాలు మినహా, ఇంజన్ లోపలి బుక్కుతో సరిపోవాలి. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ తప్పులను పట్టిచ్చేది ఈ చివరిదే, ఎందుకంటే బుక్కును సరిగా మార్చి ఆ మార్పును ప్రకటించడం మరచిపోయే కోడు చాలా సులువుగా పుడుతుంది. ఇంకో అందమైన పరీక్ష: కొనుగోళ్లను అమ్మకాలుగానూ అమ్మకాలను కొనుగోళ్లుగానూ మార్చి, ధరలన్నిటికీ గుర్తు తిప్పి అదే వరుసను మళ్లీ నడిపితే, ట్రేడ్లు కూడా అద్దంలో బొమ్మలా రావాలి. కొనుగోలు వైపు సరిదిద్ది అమ్మకం వైపు మరచిపోయిన ప్రతి తప్పూ ఇందులో దొరుకుతుంది. వేలంలో రెండు ధరల దగ్గర ఒకే సంఖ్యలో షేర్లు చేతులు మారగలిగినప్పుడు ఎక్కువ ధరను ఎంచుకోవాలన్న నియమం ఉంటే మాత్రం అక్కడ ఈ సౌష్ఠవం న్యాయంగానే తప్పుతుంది, దాన్ని మినహాయించాలి.

పునరావృతి పరీక్ష వీటన్నిటికంటే సరళమైనది. ఒక రోజు లాగ్‌ను రెండుసార్లు నడిపి, ప్రతి వెయ్యి సందేశాలకూ ఇంజన్ స్థితికి వేలిముద్ర లాంటి ఒక హాష్ విలువ లెక్కించి పోలుస్తారు. రెండోసారి నడిపేటప్పుడు ఎక్కడో మధ్యలో స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితి నకలు) తీసి, ప్రోగ్రామును చంపి, స్నాప్‌షాట్ నుంచి తిరిగి లేపి కొనసాగిస్తారు. వీలైతే వేరే ప్రాసెసర్ మీద నడుపుతారు. హాష్‌లు ఎక్కడ విడిపోతాయో అక్కడి వెయ్యి సందేశాలలోనే తప్పు ఉంటుంది. హాష్ టేబుల్ క్రమం గురించి పైన చెప్పిన తప్పు దొరికేది ఇక్కడే.

వేగాన్ని కొలవడంలో మోసం

వేగ పరీక్షల గురించి ఒక్క విషయమే ప్రస్తావిస్తాను, ఎందుకంటే దానిని పట్టించుకోకపోతే తక్కిన కొలతలకు అర్థం ఉండదు. మిల్లీసెకండుకు ఒక ఆర్డర్ చొప్పున పంపే పరీక్షా ప్రోగ్రామును పది సెకండ్లు నడిపామనుకుందాం. మధ్యలో ఇంజన్ ఒక పూర్తి సెకను స్తంభించింది. పరీక్షా ప్రోగ్రాము ఒక ఆర్డర్‌కు జవాబు వచ్చాకే మరొకటి పంపేలా రాసి ఉంటే, ఆ సెకనంతటికీ అది నమోదు చేసేది ఒక్క చెడ్డ కొలతే. తొమ్మిది వేల మంచి కొలతల మధ్య అది మాయమై, 99.9వ పర్సంటైల్ (వెయ్యి కొలతల్లో 999 మించని విలువ) కూడా నిక్షేపంగా కనిపిస్తుంది. కానీ బయటి ప్రపంచం మన ఇంజన్ కోసం ఆగదు. ఆ సెకనులో రావలసిన వెయ్యి ఆర్డర్లూ వచ్చే ఉండేవి, మొదటిది సెకనంతా, చివరిది మిల్లీసెకండూ ఆగేవి; అప్పుడు 99వ పర్సంటైలే దాదాపు 900 మిల్లీసెకండ్లు. ఇంజనీరు గిల్ టెనె ప్రచారంలోకి తెచ్చిన ఈ లోపానికి మందు ఒకటే: ప్రతి ఆర్డర్ ఆలస్యాన్నీ అది నిజంగా బయల్దేరిన క్షణం నుంచి కాక, బయల్దేరవలసిన క్షణం నుంచి కొలవాలి.

కూలినప్పుడు, మారినప్పుడు

ప్రధాన ఇంజన్ కూలిపోతే ప్రత్యామ్నాయ యంత్రం అందుకోవాలి. ఇక్కడ నిర్ణయించవలసిన ప్రశ్న, ట్రేడు జరిగిందని సభ్యులకు ఎప్పుడు చెప్పాలన్నది. ఆర్డర్ ఇంకో యంత్రపు లాగ్‌లోకి చేరకముందే చెప్పేస్తే, ఆ మరుక్షణం ప్రధాన యంత్రం కూలినప్పుడు, సభ్యుడి దగ్గర ఉన్న ట్రేడు ఎక్స్ఛేంజి దగ్గర లేనట్టవుతుంది. కాబట్టి లాగ్ తగినన్ని యంత్రాలకు చేరేదాకా ఫలితాలను గుమ్మం దగ్గర ఆపి ఉంచాలి. దీనికి తలకిందులైన సమస్య కూడా ఉంది: ప్రత్యామ్నాయ యంత్రం అదే ఫలితాన్ని రెండోసారి పంపవచ్చు. ఫలితాలకు కూడా వరుస సంఖ్యలు ఉండి, రెండు యంత్రాలూ అవే సంఖ్యలు వేస్తే, అందుకున్నవారు నకలును పారేయగలుగుతారు.

ఈ మార్పిడిని పరీక్షించడమంటే ప్రధాన యంత్రాన్ని మర్యాదగా ఆపడం కాదు. భారీ ఒత్తిడిలో ఉన్నప్పుడు ప్రాసెస్‌ను చంపాలి, నెట్‌వర్క్‌ను ఒక దిశలో మాత్రమే తెంపాలి, డిస్కు నిండేలా చేయాలి, సగం పాడైన హార్డ్‌వేర్ ఎలా ప్రవర్తిస్తుందో అలా ప్రవర్తింపజేయాలి. 2020 అక్టోబరు 1న టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజిలో ఒక డిస్కు వ్యవస్థలో మెమరీ చెడిపోయినప్పుడు, అమరికలోని లోపం వల్ల ప్రత్యామ్నాయ వ్యవస్థకు మారడం తనంతట తానుగా జరగలేదు, ఆ రోజంతా ట్రేడింగ్ నిలిచిపోయింది. వ్యవస్థను పునఃప్రారంభిస్తే అప్పటికే అందిన ఆర్డర్ల విషయంలో గందరగోళం తలెత్తుతుందన్న ఆలోచన కూడా రోజంతా ఆపేయాలన్న నిర్ణయం వెనుక ఉంది. ట్రేడింగ్ మధ్యలో ఆగితే బుక్కులోని ఆర్డర్లు నిలుస్తాయా, రద్దవుతాయా అన్నది నియమావళిలో ముందే రాసి, సభ్యుల ప్రోగ్రాములతో కలిపి రిహార్సల్ చేయవలసిన విషయం.

కొత్త వెర్షన్‌ను ప్రవేశపెట్టడం మరో సున్నితమైన ఘట్టం. ఎక్స్ఛేంజి కాకపోయినా, ఆర్డర్లను పంపే నైట్ క్యాపిటల్ సంస్థ అనుభవం ఈ సందర్భంలో తప్పక గుర్తుకొస్తుంది: 2012 ఆగస్టు 1న ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడు చేరింది, ఎప్పుడో వాడకం మానేసిన పాత ఫ్లాగ్‌కే (ఒక పనిని ఆన్, ఆఫ్ చేసే గుర్తుకే) కొత్త అర్థం ఇచ్చినందున మిగిలిన ఎనిమిదో సర్వర్లో పాత కోడు మేలుకుంది, 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఒకసారి వాడిన ఫీల్డు విలువను మళ్లీ మరో అర్థంలో వాడకపోవడం, ఏ వెర్షన్ నడుస్తోందో ప్రతి యంత్రం తన మొదటి సందేశంలోనే ప్రకటించి తేడా ఉంటే లేవడానికే నిరాకరించడం ఇందుకు కనీస జాగ్రత్తలు.

లాగ్ చేతిలో ఉన్న ఇంజన్‌కు ఇంకో సౌలభ్యం ఉంది. కొత్త వెర్షన్‌ను విడుదల చేసేముందు గత కొన్ని నెలల లాగ్‌లన్నిటినీ దాని మీద నడిపి, పాత ఫలితాలతో పోల్చవచ్చు. నియమం మారనిచోట ఒక్క ట్రేడు తేడా వచ్చినా విడుదల ఆగాలి. నియమమే మారినప్పుడు, మార్పును కోడులో నేరుగా పెట్టకుండా, ‘ఈ వరుస సంఖ్య నుంచి కొత్త నియమం’ అని లాగ్‌లోనే ఒక సందేశంగా రాయాలి. అప్పుడు రెండేళ్ల కిందటి ఒక ట్రేడు గురించి ఫిర్యాదు వచ్చినా, నేటి ఇంజన్‌కు ఆ రోజు లాగ్ ఇస్తే అది ఆ రోజు నియమం ప్రకారమే నడిచి, ఆ ఆర్డర్ ముందు ఎవరున్నారో, వెనుక ఎవరున్నారో చూపించగలుగుతుంది.